విదేశములలో ఉపాధ్యాయ పదవులు: నియామక సంస్థలతో వ్యవహరించు విధము

బి.ఇడి. పట్టము పొందిన యువతీయువకులు నేడు లేని గ్రామము అరుదు. వీరిలో కొందరు విదేశములందలి అంతర్జాతీయ పాఠశాలలలో ఉద్యోగము చేయగోరుచున్నారు. ఇట్టివారి తలిదండ్రులు తరచుగా పంచాయతీ సభ్యుల యొద్దకు వచ్చి, “ఏజెంటు రెండు లక్షలడుగుచున్నాడు, ఇయ్యవచ్చునా?” యని అడుగుదురు. పొలము తనఖా పెట్టకముందే ఆ ప్రశ్నకు సరియైన ప్రత్యుత్తరము వారికి లభింపవలెను.

అంతర్జాతీయ పాఠశాల యనగా ఏమి? 1924లో జెనీవా నగరమున, నానాజాతి సమితిలో పనిచేయు వివిధ దేశముల ఉద్యోగుల బిడ్డలకై యొక పాఠశాల వెలసినది. ఇట్టి పాఠశాలల విద్యార్థులు ఏ దేశమునకు పోయినను ఉన్నత విద్యకు అర్హులగునట్లు, ‘ఇంటర్నేషనల్ బాకలారియెట్’ అను పరీక్షా విధానము 1968లో అక్కడనే ఏర్పడినది. గల్ఫు దేశములలో మన సి.బి.యస్.ఇ. పాఠ్యక్రమమును బోధించు పాఠశాలలు వేరుగా కలవు. మనవారికి ఎక్కువగా అందుబాటులో నుండునవి ఇవియే. జీతము మాత్రము మొదటి తరగతి పాఠశాలలతో సమానముగా నుండదు. ఈ సంగతి ముందుగానే చెప్పుట మంచిది.

పెద్ద పాఠశాలలు నియామక సంస్థల ద్వారా ఉపాధ్యాయులను ఎన్నుకొనును. 1955లో స్థాపితమైన ‘ఇంటర్నేషనల్ స్కూల్స్ సర్వీసెస్’, 1990లో ఆరంభమైన ‘సెర్చ్ అసోసియేట్స్’ ఇట్టివి. అభ్యర్థి తన వివరములను నమోదు చేసికొనవలెను. పూర్వము తన పని చూచిన ప్రధానోపాధ్యాయులు తన్ను గూర్చి వ్రాసిన అభిప్రాయములు ఆ సంస్థకు రహస్యముగా చేరవలెను. సాధారణముగా పట్టము, బోధనా శిక్షణ, రెండేండ్ల అనుభవము కోరుదురు. బాలల రక్షణ దృష్ట్యా పోలీసుల ధ్రువపత్రము కూడ అడుగుదురు. ఆగస్టులో తెరచు పాఠశాలలకు ఎంపిక అంతకుముందు శీతకాలముననే సాగును. వేసవిలో ప్రయత్నము మొదలిడిన వానికి మంచి స్థానములు మిగులవు. అభ్యర్థి చదువును, నడవడిని గూర్చి ఒక్క ప్రశ్నయైన వేయక తొలినాడే సొమ్మడుగువాడు పాఠశాల తరఫువాడు కాడని గ్రహింపవచ్చును.

ఇక చట్టము మాట. 1983 నాటి వలస చట్టము 10వ సెక్షను ప్రకారము, కేంద్ర ప్రభుత్వము వారి రిజిస్ట్రేషను పత్రము లేనిదే ఎవ్వరును విదేశోద్యోగములకు మనుష్యులను చేర్చరాదు. ఈ నేరమునకు రెండేండ్ల వరకు జైలుశిక్ష కలదు. పదవ తరగతి దాటిన వారికి వలస అనుమతి ముద్ర అక్కరలేదు గనుక, ‘ఉపాధ్యాయులకు ఈ చట్టము వర్తింపద’ని కొందరు ఏజెంట్లు చెప్పుదురు. అది పొరపాటు. అభ్యర్థికి అనుమతి అక్కరలేకపోవచ్చును గాని ఏజెంటుకు రిజిస్ట్రేషను ఉండితీరవలెను. అతడు తన సేవకై పుచ్చుకొనదగినది 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మాత్రమే. అందులకు రసీదు ఇయ్యవలెను. రిజిస్టరైన ఏజెంట్ల పేర్లు విదేశాంగ శాఖ వారి ‘ఈ-మైగ్రేట్’ వెబ్‌సైటున కలవు. పంచాయతీ కార్యాలయమున కంప్యూటరు ఉన్నచో అక్కడనే చూడవచ్చును. తెలంగాణమున ‘టామ్‌కామ్’, ఆంధ్రప్రదేశ్‌న ‘ఓంకాప్’ అను ప్రభుత్వ సంస్థలు కూడ ఈ పనికై కలవు. వీనిని కూడ విచారింపవచ్చును.

పట్టములకు రాష్ట్ర ప్రభుత్వము వారి ధ్రువీకరణము, పిమ్మట విదేశాంగ శాఖ వారి ‘అపొస్టిల్’ ముద్ర అవసరమగును. ఈ అపొస్టిల్ పద్ధతి మన దేశమున 2005 నుండి అమలులో నున్నది. ఆ ఒడంబడికలో చేరని దేశములకు వారి రాయబార కార్యాలయపు ముద్ర కావలెను. అసలు పట్టములను ఏజెంటు చేతిలో విడువరాదు. పాస్‌పోర్టు భారత ప్రభుత్వపు ఆస్తి. దానిని ఏజెంటు కుదువగా ఉంచుకొనుటకు హక్కు లేదు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది సందర్శకుల వీసాపై పంపుట. “అక్కడ దిగిన తరువాత మార్పించెద”నని ఏజెంటు నమ్మబలుకును. మంచి ఉద్యోగములని నమ్మి కంబోడియాకు పోయిన తెలుగు యువకులు కొందరు సైబరు మోసగాండ్ర చెరలో చిక్కుకొనగా, 2024 మే నెలలో విశాఖపట్టణము పోలీసులు ఆ వ్యవహారమును బయటపెట్టిరి. వారు ఉపాధ్యాయులు కాకపోయినను మోసపు తీరు ఒక్కటియే. పాఠశాల పేరు, జీతము, వసతి, విమానపు ఖర్చు స్పష్టముగా వ్రాసిన ఒప్పందము, పనిచేయుటకు చెల్లు వీసా చేతికి రానిదే బయలుదేరరాదు. ఆ పాఠశాలకు దాని స్వంత చిరునామాకే వ్రాసి, ఉద్యోగము నిజమా యని విచారించుటకు ఒక్క దినము చాలును.

సందేహములున్నచో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రమునకు 1800 11 3090 నంబరున ఉచితముగా ఫోను చేయవచ్చును. ఏజెంటుపై ఫిర్యాదులను హైదరాబాదునందలి వలసల సంరక్షకాధికారికి గాని, సమీప పోలీసు స్టేషనున గాని ఈయవలెను. ఫిర్యాదుతో రసీదులు, బ్యాంకు చెల్లింపుల వివరములు, ఏజెంటు పంపిన సందేశముల ప్రతులు జతపరుపవలెను.