తలో చెయ్యి వేసిన పటం

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన నాడు ఈ బర్మా ఊరి పేరు రంగం. ఇప్పుడు యాంగోన్. నేను బయింట్‌నౌంగ్ మార్కెట్లో మినుముల బ్రోకర్ని. మీరు తినే గారెల్లో మా సరుకూ ఉండొచ్చు.

ఒకప్పుడు లారీ డ్రైవరుకు గోదాము దారి చెప్పడానికి నోరు నొప్పెట్టేది. "పగోడా దాటాక రెండో సందు, టీకొట్టు ఎదురుగా." టీకొట్టు ఎత్తేస్తే లారీ ఊరంతా తిరిగేది. ఇప్పుడు ఫోన్లో లొకేషన్ పంపి నా పని చూసుకుంటాను.

ఈ సుఖం వెనక ఒక కాళరాత్రి ఉంది. 2008 మే 2న నర్గిస్ తుఫాను ఐరావతి డెల్టాను ముంచేసింది. సాయానికి బయల్దేరిన ఐక్యరాజ్యసమితికి రోడ్ల పటాలే దొరకలేదు. గూగుల్‌లో 40 మంది వాలంటీర్లు కూర్చుని, 4 రోజుల్లో 1,20,000 కిలోమీటర్ల రోడ్లు, 3,000 ఆసుపత్రులు, సహాయ కేంద్రాలు గుర్తించారు. వాళ్లు వాడిన మ్యాప్ మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసిన వారిలో ముఖ్యుడు కాట్రగడ్డ లలితేశ్. ఇంటిపేరు వినగానే మా ఇంట్లో అందరం చెవులు రిక్కించాం.

ఆ జూన్‌లో దాన్ని కొన్ని దేశాల్లో జనానికీ తెరిచారు. జీతగాళ్లు చేసే పనిని జనం చేతికివ్వడాన్ని జెఫ్ హౌ 2006లో వైర్డ్ పత్రికలో 'క్రౌడ్‌సోర్సింగ్' అన్నాడు. సర్వేయరు ఏడాదికోసారి వస్తాడేమో. సందులో ఉండేవాడికి కొత్త గేటు ఆ రోజే తెలుస్తుంది. వ్యాపారానికి కలిసొచ్చిందీ అదే. ఇక్కడ 2014లో 1,500 చాట్లకే (చాట్ అంటే ఇక్కడి డబ్బు) సిమ్ కార్డు వచ్చి అందరి చేతికీ ఫోను చేరింది. 2017లో ఫోన్లోనే పిలుచుకునే గ్రాబ్ ట్యాక్సీలు దిగాయి. పటం లేకుండా ఆ బేరం సాగుతుందా?

అయితే ఒక లెక్క తేలాలి. ఊరంతా తలో తట్ట మట్టి మోస్తే చెరువు ఊరిదవుతుంది. గూగుల్ పటంలో మనం మోసిన మట్టి గూగుల్‌ది. మ్యాప్ మేకర్‌ను 2017లో మూసేయాలనుకుంది, మూసేసింది. 2004లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ దారి వేరు, ఆ పటం ఊరి చెరువే. దాని నీళ్లు కంపెనీలూ తోడుకుంటాయి, మనమూ తోడుకోవచ్చు. పూడిక తీసే పని మాత్రం మనదే.

మొన్న మా గోదాము గేటు పక్క సందులోకి మారింది. ముందు గూగుల్‌లో దిద్దాను, సాయంత్రానికి లారీ రావాలి మరి. రాత్రి భోంచేశాక ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోనూ దిద్దాను. అది నా వంతు తట్ట.