రెండు శిబిరాల మధ్య నిలిచిన సహోదరులు

సమాధానపరచేవారిని ప్రభువు ధన్యుల్లో లెక్కించాడు (మత్తయి 5:9). ఈ మాటను వినడం తేలికే. దాని వెల ఎంతో పసిఫిక్ సముద్రంలోని సొలోమన్ దీవుల విశ్వాసులకు తెలుసు.

గ్వాడల్‌కెనాల్ ద్వీపవాసి ఇనీ కొపూరియా పోలీసు ఉద్యోగి. మోకాలికి గాయమై ఆసుపత్రిలో ఉండగా దేవుని పిలుపు ఆయనను కదిలించింది. అధికారంతో తిరిగిన ఊళ్లకే ఇక సువార్తతో వెళ్లాలని తీర్మానించుకున్నాడు. 1925 అక్టోబరు 28న పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే ప్రమాణాలు చేసి, తబాలియాలోని తన భూమిని దేవునికిచ్చేశాడు. అలా ఆంగ్లికన్ సంఘంలో 'మెలనేసియన్ బ్రదర్‌హుడ్' మొదలైంది. ఇది స్థానికులే స్థాపించుకున్న సహవాసం. సహోదరులకు జీతాలుండవు. తోటల్లో పండించుకున్నది, ఊరివారు పెట్టింది తింటారు. ప్రమాణం కూడా జీవితాంతానికి కాదు. గడువు తీరాక కొనసాగవచ్చు, లేదా పెళ్లి చేసుకొని కుటుంబ జీవితంలోకి వెళ్లవచ్చు.

1998లో గ్వాడల్‌కెనాల్, మలైటా ద్వీపవాసుల మధ్య ఘర్షణలు రేగాయి. సహోదరుల్లో రెండు ద్వీపాలవారూ ఉన్నారు. అయినా వారు విడిపోలేదు. 2000లో సాయుధ శిబిరాల నడుమ మకాం వేసి, ఇరుపక్షాలనూ బతిమాలారు. 2002లో తుపాకులు సేకరించి సముద్రంలో ముంచేశారు. 2003లో తిరుగుబాటు నాయకుడు హెరాల్డ్ కెకె మనుషులు నథానియేల్ సాడో అనే సహోదరుణ్ని చంపారు. ఆయన కోసం ఏప్రిల్‌లో బయలుదేరిన ఆరుగురూ తిరిగి రాలేదు. వారూ హతులయ్యారని ఆగస్టులో తెలిసింది. ఆయుధం పట్టనివారు ఏడుగురు అలా ప్రాణాలర్పించారు.

పల్నాడువారికి ఇది పరాయి కథ కాదు. దాయాదుల పగ కారెంపూడిని రణరంగం చేసింది ఇక్కడే. బ్రహ్మనాయుడు కులాలన్నిటినీ చాపకూడుకు కూర్చోబెట్టాడని చెప్పుకునేదీ ఇక్కడే. 1849లో ఫాదర్ హేయర్ గురజాలకు సువార్త తెచ్చిందీ ఈ నేలకే. అయినా ఊరు రెండు వర్గాలైతే ఆదివారం ఆరాధనలోనూ రెండు వరుసలవుతున్న సంఘాలను మేము చూస్తున్నాం. ఒకే రొట్టెలో పాలుపొందినవారు గుడి గుమ్మం దాటగానే పలకరించుకోరు.

ప్రభువు సిలువపై మధ్యగోడను కూల్చాడు (ఎఫెసీ 2:14). దాన్ని మనం మళ్లీ కడితే ఆయన రక్తానికి విలువేది? ప్రమాణాలు చేసి ఇల్లు విడవమని మనలో అందరినీ ఆయన అడగకపోవచ్చు. కానీ ఈ వారం అవతలి వర్గం సహోదరుని గడప తొక్కమని అడుగుతున్నాడు. వెళదామా?