ఓపెన్ వి.ఎమ్.ఎస్. : రైలు రిజర్వేషను వెనుకనున్న ఆపరేటింగ్ సిస్టము, దాని భవిష్యత్తు

రైలు స్టేషను కౌంటరు వద్ద పేరు, వయస్సు, రైలు సంఖ్య వ్రాసిన కాగితము నిచ్చి, కొలది నిమిషములలో బెర్తు సంఖ్యతో టిక్కెట్టు పొందుట నేడు మనకు సామాన్య విషయము. రాజపాళయమున పొదిగై ఎక్స్‌ప్రెస్సునకు టిక్కెట్టు కోరువారును, సికింద్రాబాదున గోదావరి ఎక్స్‌ప్రెస్సునకు కోరువారును ఒకే వ్యవస్థ నాశ్రయించుచున్నారు. దశాబ్దములపాటు ఆ వ్యవస్థకు ఆధారమై నిలిచినది ఓపెన్ వి.ఎమ్.ఎస్. అను ఆపరేటింగ్ సిస్టము. టిక్కెట్టు కొనువారిలో దాని పేరు విన్నవారు అరుదు. దాని పుట్టుకను, పనితీరును, ముందు గతిని సంగ్రహముగా తెలుపుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఆపరేటింగ్ సిస్టము అనగా నేమి?

కంప్యూటరునకు స్వయముగా ఏ పనియు తెలియదు. టిక్కెట్టు వ్రాయుటకు, జీతములు లెక్కించుటకు వేర్వేరు ప్రోగ్రాములు కావలెను. ఈ ప్రోగ్రాములకును యంత్రమునకును నడుమ నిలిచి, దేనికెంత స్థలము నీయవలెను, ఏ పని ముందు జరుగవలెను, ఒకరి లెక్కలు మరియొకరు చూడవచ్చునా అను విషయములను నిర్ణయించునదే ఆపరేటింగ్ సిస్టము.

మన సత్రపట్టిలో బ్యాండేజి బట్ట నేయు మరమగ్గముల షెడ్డును చూచినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. షెడ్డులోని మేస్త్రీ తాను నేయడు. ఏ మగ్గమునకు ఏ పడుగు ఎక్కింపవలెను, ఎచట నూలు తెగినది, దేనిని నిలిపి బాగుచేయవలెను అనునది అతడు చూచును. ఒక మగ్గమున నూలు తెగినచో ఆ మగ్గము నిలువవలెను గాని, షెడ్డంతయు నిలువరాదు. మంచి ఆపరేటింగ్ సిస్టముయొక్క మొదటి లక్షణ మిదియే.

ఇంటిలోని కంప్యూటరు ఒక్కరికి సేవ చేయును. పని ముగిసినచో దానిని ఆపివేయుదుము. సర్వరు అను పెద్ద కంప్యూటరు ఒకే సమయమున వేలమందికి, రాత్రింబవళ్లు సేవ చేయవలెను. కావున అచట వేగముకంటెను నమ్మకము ముఖ్యము.

పుట్టుక

అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున 1957లో స్థాపింపబడిన డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషను, 1977 అక్టోబరులో వాక్స్-11/780 అను కంప్యూటరును ప్రకటించెను. దానికొరకు రూపొందినదే వి.ఎమ్.ఎస్. ఇది ‘వర్చువల్ మెమరీ సిస్టమ్’ అను మాటలకు సంక్షేపము. యంత్రమందలి మెమరీ కొద్దిదైనను, ప్రతి ప్రోగ్రామునకు విశాలమైన స్థలమున్నట్లు తోపజేయుట దీని ఉపాయము. అప్పటికి అక్కరలేని భాగములు డిస్కునందుండి, కావలసినపుడు మెమరీలోనికి వచ్చును. బల్ల చిన్నదైనను, ప్రక్కన పెద్ద బీరువా ఉన్నచో గుమాస్తా పని సాగిపోవును గదా! పిమ్మట 1990ల ఆరంభమున దీని పేరునకు ‘ఓపెన్’ అను మాట చేరెను.

దీని నిర్మాతలలో ప్రముఖుడైన డేవిడ్ కట్లర్ 1988లో మైక్రోసాఫ్టున చేరి, 1993లో వెలువడిన విండోస్ ఎన్.టి. నిర్మాణమునకు నాయకత్వము వహించెను. నేటి విండోసు ఆ ఎన్.టి. సంతతియే. ఈ విధముగా వి.ఎమ్.ఎస్. పేరెరుగని ఇండ్లలోను దాని ఆలోచనలు కొన్ని ప్రవేశించియున్నవి.

పనితీరు

ఒకే రైలులో ఒక్క బెర్తు మిగిలియున్నదనుకొందము. రాజపాళయమున నొకరు, చెన్నపట్టణమున నొకరు అదే క్షణమున దానిని కోరిరి. ఇద్దరికిని ‘ఖాళీ కలదు’ అని తోచి, ఇద్దరికిని టిక్కెట్టు వ్రాసినచో రైలులో తగవు తప్పదు. ఇట్టి చిక్కులకు వి.ఎమ్.ఎస్. ఇచ్చిన సాధనము ‘లాక్ మేనేజరు’. ఒక లెక్కను మార్చదలచినవారు ముందుగా దానికి తాళము వేయవలెను. తాళము తీయువరకు రెండవవారు వేచియుండవలెను. మొదటివారి పని ముగియగానే రెండవవారికి నిజమైన స్థితి తెలియును.

రెండవ విశేషము క్లస్టరు. 1983లో ప్రకటింపబడిన ఈ ఏర్పాటున అనేక కంప్యూటర్లు ఒకే డిస్కులను పంచుకొని, ఒకే యంత్రమువలె పనిచేయును. పైన చెప్పిన తాళములు అన్ని యంత్రములకు చెల్లును. ఒకటి చెడినచో తక్కినవి దాని భారము వహించును. మరమ్మతు కొరకు వానిని ఒకదాని తరువాత నొకటిగా నిలుపవచ్చును గాన, సేవ మొత్తముగా ఆగదు.

మూడవది చిన్నదైనను మెచ్చదగినది. ఒక ఫైలును మార్చి దాచినపుడు వి.ఎమ్.ఎస్. పాత ప్రతిని చెరపదు. క్రొత్త ప్రతికి తరువాతి సంఖ్య నిచ్చి రెంటిని నిలుపును. దిద్దుబాటు తప్పైనచో వెనుకటి ప్రతి సిద్ధముగా నుండును.

భారత రైల్వేలలో

పూర్వము ప్రతి రైలునకును రిజిస్టర్లుండెడివి. తిరుగు ప్రయాణమునకు చోటు కావలెనన్నచో ఆ ఊరికి తంతి పంపి, జవాబునకు ఎదురుచూడవలసియుండెను. 1985 నవంబరు 15న న్యూఢిల్లీలో సి.ఎమ్.సి. సంస్థ రూపొందించిన ఇంప్రెస్ అను కంప్యూటరు రిజర్వేషను ప్రయోగాత్మకముగా ఆరంభమయ్యెను. 1986లో రైల్వేలు తమ కంప్యూటరు పనులకై ‘క్రిస్’ అను సంస్థను స్థాపించెను.

అయినను ఒక కేంద్రముయొక్క లెక్కలు మరియొక కేంద్రమునకు తెలియకుండెను. ఈ లోపమును తీర్చుటకై క్రిస్ నిర్మించిన కన్సర్ట్ అను వ్యవస్థ 1994 సెప్టెంబరులో మొట్టమొదట సికింద్రాబాదున అమలులోనికి వచ్చెను. తెలుగువారు స్మరింపదగిన విషయమిది. సి, ఫోర్ట్రాన్ భాషలలో వ్రాయబడిన ఆ ప్రోగ్రాములు వి.ఎమ్.ఎస్. పైన నడచెను. 1999 ఏప్రిలు నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రములైదును కలిసి ఏకమయ్యెను. నాటినుండి ఏ ఊరినుండియైనను ఏ రైలునకైనను టిక్కెట్టు కొనుట సాధ్యమయ్యెను. 2002లో ఇంటర్నెట్టు ద్వారా టిక్కెట్ల విక్రయ మారంభమైనపుడు, ఆ క్రొత్త ద్వారమును ఈ పాత ఇంటికే అమర్పబడెను.

యజమానుల మార్పు

యంత్రములు ముసలివగును. వి.ఎమ్.ఎస్. వాక్స్ యంత్రములనుండి 1992లో ఆల్ఫా యంత్రములకును, 2005 నాటికి ఇటానియం యంత్రములకును మార్పబడెను. ఇంతలో యజమానులును మారిరి. 1998లో కాంపాక్ సంస్థ డిజిటల్‌ను కొనెను. 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థయందు కాంపాక్ విలీనమయ్యెను. ప్రతి మార్పునకును ప్రోగ్రాములను క్రొత్త యంత్రమునకు తగినట్లు సిద్ధపరుపవలసి వచ్చినను, అందలి విషయమును మొదటినుండి తిరిగి వ్రాయవలసిన పని చాలవరకు లేకుండెను. తరతరములుగా తమిళదేశమున నుండి ఇంట తెలుగు పలుకు మనకు ఈ సంగతి వింతగా తోపదు. నేల మారినను పలుకు నిలువవచ్చును, పలుకువారున్నచో.

అసలు సంకటము 2013లో వచ్చెను. క్రొత్త ఇటానియం యంత్రములకు వి.ఎమ్.ఎస్.ను మార్చబోమని హ్యూలెట్ ప్యాకర్డ్ తెలిపెను. ఆ సిస్టములో దోషమేమియు కనబడలేదు. ఇటానియమునకు తగినంత విపణి లేకపోవుటయే ముఖ్యకారణము. 2021లో ఇంటెల్ సంస్థ ఇటానియం సరఫరానే ముగించెను. నమ్మకమైన సేవకుడు ఆరోగ్యముగా నున్నను, అతడు నివసించు ఇల్లు కూలుచున్నచో ఏమి చేయవలెను?

ఈ స్థితిలో 2014లో వి.ఎమ్.ఎస్. సాఫ్ట్‌వేర్ అను చిన్న సంస్థ దీనిని కొనసాగించు హక్కును పొందెను. పూర్వము డిజిటల్ సంస్థలో దీనిని నిర్మించిన ఇంజనీర్లు కొందరు అందు చేరిరి. లోకమున విరివిగా దొరకు ఇంటెల్, ఎ.ఎమ్.డి. సాధారణ యంత్రములపై నడచునట్లు వారు సిద్ధపరచిన 9.2వ ప్రతి 2022 జూలైలో వెలువడెను. నాల్గవ జాతి యంత్రముపై వి.ఎమ్.ఎస్. ఈ విధముగా కాలూనెను. తెలిసినవారు మిగిలియుండుటచేతనే అది బ్రతికినదని చెప్పుట అతిశయోక్తి గాదు.

భవిష్యత్తు

ఇట్టి సిస్టమును వాడువారికి మూడు మార్గములు కలవు. పాత యంత్రములనే విడిభాగములతో నడుపుట మొదటిది. ఇది కొంతకాలమే సాగును. అదే సిస్టముతో క్రొత్త యంత్రములకు మారుట రెండవది. అన్నిటిని లినక్సు వంటి వేరొక సిస్టముపై తిరిగి నిర్మించుట మూడవది. దీనికి ఖర్చును శ్రమయు నెక్కువ, ఫలమును విశాలము.

రైల్వే రిజర్వేషను వ్యవస్థ ఇటానియం సర్వర్లపై, ఓపెన్ వి.ఎమ్.ఎస్.పై నడచుచున్నదనియు, దానిని నవీన క్లౌడు పద్ధతికి మార్చు పని క్రిస్ చేపట్టినదనియు 2025లో రైల్వే మంత్రిత్వశాఖ తెలియజేసినది. నిమిషమునకు సుమారు 25,000 టిక్కెట్లు వ్రాయు శక్తిని నాలుగింతలు చేయుట లక్ష్యమని ఆ సందర్భమున చెప్పబడినది. మార్పు అవశ్యకమే. అయితే పాత ప్రోగ్రాములందు యంత్రమునకిచ్చు ఆజ్ఞలతోపాటు కోటాలు, రాయితీలు, వెయిటింగ్ లిస్టు క్రమములు, ఎన్నడో ఏదో ఊరికొరకు చేసిన సవరణలు ఇమిడియున్నవి. వానిని వ్రాసినవారు పదవీ విరమణ చేయుదురు. వారి తెలివిడిని వ్రాతలో నుంచి క్రొత్తవారికి బోధింపకున్నచో, క్రొత్త యంత్రమెంత వేగమైనదైనను తప్పునే వేగముగా చేయును. క్రొత్త వ్యవస్థకు లెక్క కుదురువరకు పాతదానిని ప్రక్కనే నడిపి, రెండింటి ఫలములను పోల్చుట వివేకము.

ఫోను లేని వృద్ధులు, తెల్లవారకముందే కౌంటరు వద్ద వరుసలో నిలుచు కూలీలు ఏ సిస్టము మారినదో ఎరుగరు. తాము కోరిన దినమున, తమ పేరిట, మరియొకరికి ఈయని బెర్తు దొరకుటయే వారికి కావలెను. ఓపెన్ వి.ఎమ్.ఎస్. ఇంతకాలము ఆ మాట నిలుపుకొనుటకు తోడ్పడెను. దాని స్థానమున వచ్చునదియు అదే మాటను నిలుపవలెను. సత్రపట్టి, రాజపాళయముల నుండి ఇంజనీరింగు చదువుటకు పోవు మన యువకులు క్రొత్త భాషలతోపాటు ఇట్టి పాత ప్రోగ్రాములను చదివి గ్రహించు విద్యను గూడ అభ్యసించినచో, వారికి జీవనోపాధియు, దేశమునకు ఉపకారమును కలుగును.