కోడికూర - భయము - జాగ్రత్త

కోడిపోరు యుద్ధమునకు దారితీసెనని కథ చెప్పుకొను పల్నాటిసీమలో, 2025లో కోడిమాంసమే కలవరమునకు కారణమైనది. ఆ ఏడు ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళలో బర్డ్ ఫ్లూ బయటపడినది. మార్చిలో నరసరావుపేటకు చెందిన ఒక పసిబిడ్డ మంగళగిరి ఎయిమ్స్‌లో కన్నుమూసినది. వ్యాధి హెచ్5ఎన్1 అని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ నిర్ధారించినది.

అంతట మన యిండ్లలో రెండు ప్రశ్నలు మెదలినవి: కోడికూర తినవచ్చునా? పొరుగింటివారి జ్వరము మనకు అంటునా?

బాగుగా ఉడికిన కూరకు మనము భయపడనక్కరలేదు. 70 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి ఈ వైరస్ నశించును. కూర తెర్లుటకు అంతకంటె ఎక్కువ వేడి కావలెను. ముక్క లోపల ఎరుపు మిగులకుండిన చాలును. ఇక ఈ వ్యాధి మనిషినుండి మనిషికి అంటుట మిక్కిలి అరుదు. ఆ బిడ్డ ఇంటివారిలో, ఇరుగుపొరుగులలో ఎవరికిని అది సోకినట్లు తేలలేదు. కనుక దుఃఖములోనున్న ఇంటిని మనము దూరముంచుట న్యాయము కాదు.

మన భయము కూరకుండ యొద్ద గాక కత్తిపీట యొద్ద ఉండవలెను. పచ్చిమాంసమును పిల్లల నోటికి, చేతికి అందనీయరాదు. కోసిన పీటను, చేతులను సబ్బుతో కడుగవలెను. పెరటిలో కోళ్ళు వరుసగా చచ్చినచో, వట్టిచేతులతో తాకక, అమ్మక, పశువైద్యునికి తెలుపవలెను. అట్టి కోళ్ళ చెంత మెలగినవారికి జ్వరము, ఆయాసము కలిగిన, ఆ సంగతి వైద్యునికి దాచరాదు. ఒసెల్టమివిర్ మందు మొదటి రెండు దినములలో ఆరంభించిన ఎక్కువ మేలు చేయును. మనము దాచిన ప్రతి దినమును ఆ మేలును తగ్గించును.