మత్తుమందు, ఊపిరిగొట్టము, కంఠరక్షణము



మన శ్రీకాకుళ విజయనగర ప్రాంతములందు కంఠమే కాణాచిగా బ్రదుకువారు పెక్కుమంది కలరు. హరికథ చెప్పువారు, జముకుల కథ పాడువారు, రామాలయమున పురాణము చదువువారు, బడిలో పాఠము చెప్పువారు అందఱును కంఠమును నమ్ముకొన్నవారే. అజ్జాడలో 1864లో జన్మించి, విజయనగరమున 1919లో నెలకొన్న సంగీత కళాశాలకు ప్రథమాధ్యక్షులైన ఆదిభట్ల నారాయణదాసుగారు నడయాడిన నేల యిది. ఇట్టిచోట “ఆపరేషను చేయునపుడు గొంతులో గొట్టము దూర్తురట” యను మాట వినబడినచో గుండె ఝల్లుమనుట సహజము.

నాకును ఝల్లుమన్నది. ముప్పదియైదు వత్సరములు బడిలో తెలుగు చెప్పి, విశ్రాంతి పొందిన పిమ్మట మా యూరి రామాలయమున సాయంకాలము భాగవతము చదువుచుంటిని. పిత్తాశయమున రాళ్లేర్పడినవనియు, దానిని తీసివేయవలెననియు వైద్యులు చెప్పిరి. గొట్టము సంగతి విని, నా పురాణము మూలబడునని జడిసి, ఆఱు మాసములు వాయిదా వేసితిని. తుద కొకనాటి రాత్రి భరింపరాని నొప్పితో, జ్వరముతో నన్ను ఆటోలో వేసికొని ఆసుపత్రికి పోవలసివచ్చెను. పిత్తాశయము అప్పటికే చీము పట్టియుండెను. గొట్టము వలన కలుగునని నేను తలచిన కీడుకంటె నా భయము తెచ్చిన ముప్పే పెద్దది. ఆ మాట చెప్పుటకే నేడు మీ యెదుటికి వచ్చితిని.

అసలీ గొట్టమేల? మనము రాత్రి నిద్రించునపుడు శరీరము కొంత మెలకువతోనే యుండును. ఉమ్మి గొంతున కడ్డుపడినచో దగ్గి లేతుము. మత్తునిద్ర అట్టిది కాదు. అందు నాలుక వెనుకకు జాఱి ఊపిరిదారిని మూసివేయవచ్చును. కడుపులోనిది పైకి వచ్చి ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. కండరములను సడలించు మందిచ్చినచో శ్వాసయే ఆగును. అప్పుడు యంత్రమే మనకు బదులుగా ఊపిరి పోయవలెను. ఆ గాలి పోవుటకు దారి కావలయును గదా!

ఈ విషయమున మన తెలుగుదేశమునకు పాత సంబంధము కలదు. హైదరాబాదులో 1888, 1889 సంవత్సరములందు నిజాముగారి ధనసాహాయ్యముతో లారీ యను వైద్యుడు క్లోరోఫారము మత్తును గూర్చి పరీక్షలు జరిపించెను. క్లోరోఫారము ముందుగా శ్వాసనే ఆపును గాని హృదయమును కాదని ఆయన వాదము. అది హృదయమును నేరుగా ఆపవచ్చునని 1911లో లెవీ యను పండితుడు చూపగా ఆ వాదము నిలువలేదు. కాని రోగి శ్వాసను రెప్పవేయక కనిపెట్టవలెనన్న ఉపదేశము మాత్రము నేటికిని నిలిచియున్నది.

మఱియొక చిత్రము వినుడు. సజీవుడైన మనుష్యుని స్వరతంతువులు పాట పాడునపుడు కదలుటను చక్కగా చూచి లోకమునకు తెలిపినవాడు సంగీతము నేర్పు గురువే. మాన్యుయెల్ గార్సియా యను ఆయన 1854లో చిన్న యద్దమును గొంతులో నుంచి, సూర్యకాంతిని దానిపై పడనిచ్చి, తన కంఠమును తానే చూచుకొనెను. 1878లో గ్లాస్గో నగరమున మెక్యూయెన్ అను శస్త్రవైద్యుడు వ్రేలితో తడవుకొని నోటిగుండ గొట్టమును శ్వాసనాళమునకు చేర్చెను. 1943లో మెకింటాష్ రూపొందించిన వంపు పరికరముతో నేటికిని వైద్యులు దీపపు వెలుగున దారి చూచుచున్నారు.

సాధనములు ముఖ్యముగా మూడు. మొదటిది నాలుకను ఎత్తిపట్టు వంపుతునుక. రెండవది లారింజియల్ మాస్కు. ఇది స్వరపేటికపై మూతవలె కూర్చుండును గాని స్వరతంతువుల నడుమ దూఱదు. లండనులో ఆర్చీ బ్రెయిన్ అను వైద్యుడు 1981లో దీనిని మొదట వాడెను. కడుపు నిండియున్నవారికి ఇది తగదు. మూడవది ట్యూబు. ఇది స్వరతంతువుల మధ్యగా శ్వాసనాళమున ప్రవేశించును. దాని చివర నున్న చిన్న బుడగను గాలితో నింపినచో, కడుపులోనిది ఊపిరితిత్తులకు పోకుండ అడ్డుకొనును. పెద్దవారి ట్యూబు లోపలి వెడల్పు సామాన్యముగా ఏడెనిమిది మిల్లీమీటర్లు.

సన్నని తంతువుల నడుమ గొట్టముండుటచే మేల్కొన్నపిదప గొంతు నొప్పియు, బొంగురుతనమును పలువురికి కలుగును. కొలది దినములలో తగ్గును. తంతువులకు పుండుపడుట, కీలు తొలగుట వంటివి అరుదు.

మా ఆసుపత్రిలో మత్తు డాక్టరమ్మ నా శిష్యురాలి వయస్సుదే. “అమ్మా, నాకు గొంతే ఆస్తి” అంటిని. ఆమె నవ్వి, “మాస్టారూ, ముందే చెప్పితిరి, మంచిది. మీకు సరిపడునంతలో చిన్న గొట్టమే వేయుదును. బుడగలోని ఒత్తిడి కొలిచి యుంచుదును. తరువాతి పని మీది; గొంతునకు విశ్రాంతి నీయవలెను” అనెను.

కావున మీరును చెప్పవలెను. కదలు పన్ను, కట్టుడుపండ్లు, వంగని మెడ, మునుపటి మత్తులో కలిగిన కష్టము, గుఱక, వీనిని దాచవలదు. నడుము క్రింది ఆపరేషనైనచో వెన్నులో సూదితో మత్తు చాలునా యని అడుగవచ్చును. ఘనాహారము ఆఱు గంటలును, మంచినీరు రెండు గంటలును ముందుగా మానుట సామాన్య నియమము. మీ డాక్టరు చెప్పిన వేళయే మీకు ప్రమాణము. చుట్ట కాల్చువారు, మన ఆడవారిలో అడ్డపొగ త్రాగువారు, కొన్ని వారములు ముందే విడువవలెను. పొగబట్టిన గొంతు దగ్గుచుండును, దగ్గు తంతువులను గాయపఱచును.

మేల్కొన్న తరువాత అనుమతి వచ్చినపుడు గ్రుక్కెడు గ్రుక్కెడుగా నీరు త్రాగుడు. మెల్లగా సహజస్వరముతో కొలదిగా మాటలాడుడు. గుసగుసలాడుట విశ్రాంతి కాదు, శ్రమయే. ఊరక సకిలింపకుడు. బొంగురు రెండు వారములు మించినచో చెవి ముక్కు గొంతు వైద్యునికి చూపుడు. ఊపిరి యాడకున్నను, నీరు మ్రింగిన పొలమాఱుచున్నను వెంటనే పోవలెను.

నాకు నాలుగు దినములు గొంతు బొంగురుగా నుండెను. పదునొకండవనాడు రామాలయమున పుస్తకము విప్పితిని. మొదటి పద్యము కొంచెము వణకెను, రెండవది నిలిచెను. మత్తువేళ ఊపిరిని కాచువారు వైద్యులు. కంఠమును కాచుకొనుటలో సగము మన చేతిలోనిదే: ముందు నోరు విప్పి చెప్పుట, తరువాత నోరు మూసికొని యుండుట.