సలాంతో పాటు సంఖ్యలూ రావాలి

సబా అల్ సలేం (కువైట్): మేముండే ప్రాంతానికి 1965 నుంచి 1977 వరకు కువైట్‌ను పాలించిన అమీర్ షేక్ సబా అల్ సలేం పేరు పెట్టారు. అరబీలో 'సబా' అంటే ఉదయం. అంకెల్లో ఏడును 'సబ్ఆ' అంటారు. కొత్తగా వచ్చిన తెలుగు చెవికి రెండూ ఒకేలా వినిపిస్తాయి.

'సలాం అలైకుం', 'షుక్రన్' రెండు రోజుల్లో నాలుక మీదికి వచ్చేస్తాయి. కానీ ఇక్కడ జీతం, అద్దె, అకామా గడువు అన్నీ అంకెల మీదే నడుస్తాయి. కడప, రాయచోటి, రాజంపేట, కోనసీమల నుంచి ఇంటిపనికి, డ్రైవింగ్‌కు వచ్చే మనవాళ్లు ముందుగా నేర్చుకోవలసింది అవే.

కంటికి ఒకటి, కాగితంపై ఇంకొకటి

అరబీ అంకెల్లో మనకు తెలిసిన రూపంలో కనిపించేవి 1, 9 మాత్రమే. సున్నా అంటే ఒక చుక్క. మన సున్నాలా గుండ్రంగా ఉండేది అయిదు. మన 7లా కనిపించేది ఆరు. పైకి విచ్చుకున్న రెండు గీతలు ఏడు, అవే ఇంటి కప్పులా కిందికి వాలితే ఎనిమిది.

అందుకే ఒప్పందంలో 65 అని రాస్తే కొత్తవారి కంటికి 70లా కనిపిస్తుంది. ఇంటిపనివారి కనీస వేతనాన్ని 2016లో నెలకు 60 దినార్లుగా నిర్ణయించిన దేశమిది. అలాంటి చోట అయిదు దినార్ల తేడా చిన్నదేమీ కాదు. అకామా ఆరో నెలలో ముగుస్తుందని ఉంటే జూలై దాకా ధీమాగా ఉండిపోయే ప్రమాదమూ ఉంది. గడువు దాటితే రోజుల లెక్కన జరిమానా పడుతుంది.

'వ' దగ్గర ఆగాలి

మనం 'ఇరవై అయిదు' అంటాం. అరబీలో 'ఖంసా వ ఇష్రీన్', అంటే 'అయిదూ ఇరవై' అంటారు. వింటూ వింటూ రాసేస్తే 25 కాస్తా 52 అవుతుంది. 'వ' తర్వాతి మాట వినేదాకా పెన్ను కదపకూడదు. ఇక్కడి చిరునామాల్లో బ్లాకుకు, ఇంటికి, చాలా వీధులకు కూడా నంబర్లే కాబట్టి డ్రైవర్లకు ఈ జాగ్రత్త మరీ అవసరం.

పావు, అర మనకు తెలిసినవే

సమయం చెప్పడంలో మాత్రం తెలుగువారికి పని సులువు. 'థలాథా వ నుస్' అంటే మూడున్నర. 'థలాథా ఇల్లా రుబ్అ' అంటే అచ్చంగా మన 'పావు తక్కువ మూడు'. డబ్బుకూ ఇవే మాటలు పనికొస్తాయి. దినారుకు వెయ్యి ఫిల్సులు కాబట్టి 'రుబ్అ దినార్' 250 ఫిల్సులు, 'నుస్ దినార్' 500.

అంకెలు వస్తే వారాలూ సగం వచ్చినట్టే. ఆదివారం 'అహద్' ఒకటోది, సోమవారం 'ఇత్నైన్' రెండోది. అలా లెక్కపెట్టుకుంటూ పోతే గురువారం 'ఖమీస్' అయిదోది. సెలవు రోజులైన శుక్ర, శనివారాలకే 'జుమా', 'సబ్త్' అని వేరే పేర్లు.

జేబులోనే పాఠం

దినారు నోటుకు ఒకవైపు అరబీ, రెండోవైపు ఇంగ్లిష్ ఉంటాయి. అంతకంటే చవకైన వాచకం దొరకదు. సివిల్ ఐడీ నంబరుతోనూ సాధన చేయవచ్చు. అందులో మొదటి అంకె పుట్టిన శతాబ్దాన్ని చెబుతుంది. 1900ల్లో పుట్టినవారికి 2, 2000 తర్వాత పుట్టినవారికి 3. తర్వాతి ఆరు అంకెలు వరుసగా పుట్టిన సంవత్సరం, నెల, రోజు. 1985 జూన్ 14న పుట్టినవారి నంబరు 2850614తో మొదలవుతుంది. దాన్ని అరబీ అంకెల్లో పదిసార్లు రాసి చూడండి.

భయపడాల్సిన పని లేదు. అరబ్బులు ఈ అంకెలను 'హిందీ అంకెలు' అనే పిలుస్తారు. మన దేశపు లెక్కల పద్ధతిపై తొమ్మిదో శతాబ్దంలో పుస్తకం రాసిన అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచే మా సాఫ్ట్‌వేర్ వాళ్లు రోజూ వాడే 'అల్గారిదం' అనే మాట పుట్టింది.

శుక్రవారం కలుసుకున్నప్పుడు తెలుగు సంఘాలు ఓ అరగంట దీనికి కేటాయిస్తే ఎంతోమందికి మేలు. ఊరి నుంచి బయల్దేరేవారికి ఇంట్లోవాళ్లే ముందుగా ఈ పది అంకెలు నేర్పి పంపవచ్చు. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టే ముందు అందులోని సంఖ్యను పైకి చదవండి. తేదీలో రోజేదో, నెలేదో అడగండి. జీతం అంకెల్లోనే కాక అక్షరాల్లో కూడా రాయమనండి.