కోఠీలో చీరలేనా? ఆ కోఠీని కూడా చూడండి!

హైదరాబాద్ వెళ్ళినప్పుడల్లా చీరలకీ జాకెట్టు ముక్కలకీ కోఠీ, సుల్తాన్ బజార్ తిరుగుతాం కదా! కోఠీ అంటే పెద్ద భవంతి. ఆ పేటకి పేరిచ్చిన భవంతి అక్కడే మహిళా కళాశాల ఆవరణలో ఉందని మీలో ఎంతమందికి తెలుసు?

అదే బ్రిటిష్ రెసిడెన్సీ. నిజాం దర్బారులో కంపెనీ ప్రతినిధి జేమ్స్ అకిలెస్ కిర్క్‌పాట్రిక్ 1803 ప్రాంతంలో మొదలుపెట్టించాడు. ప్లాను శామ్యూల్ రస్సెల్ అనే ఇంజనీరుది, ఖర్చు మాత్రం నిజాం గారిది! స్థలం కోసం పెద్ద పటం పట్టుకెళితే నిజాం కాదన్నాడట. అదే చిన్న అట్టముక్క మీద గీసి చూపిస్తే 'ఇంతేగా' అని ఇచ్చేశాడట. నిజమెంతో గానీ కథ బాగుంది.

ఇంగ్లండులో జార్జి రాజుల నాటి పద్ధతిలో కట్టారు. ముగ్గు వేసిన కాగితాన్ని మధ్యకి మడిచినట్టు అటూ ఇటూ ఒక్కలాగే ఉంటుంది. ముందు ఎత్తయిన స్తంభాలు, మెట్లకి చెరోపక్క సింహం. దర్బారు హాలు పైకప్పు నగిషీ కాగితం గుజ్జుతో చేసిందంటే నమ్ముతారా? మన అమ్మమ్మలు కాగితాలు నానబెట్టి, మెంతులు వేసి రుబ్బి బుట్టలు చేసేవారే, ఆ విద్యే!

ఇక నా మనసు పట్టేసింది వెనకవైపు. కిర్క్‌పాట్రిక్ పెళ్ళాడింది హైదరాబాదు నవాబుల ఇంటి పిల్ల ఖైరున్నీసాని. ఆమెది ఘోషా. అందుకని వెనక రంగ్ మహల్ అని జనానా కట్టించాడు. భర్త కట్టిస్తున్న మేడని ముందునుంచి చూసే వీల్లేదు కాబట్టి, దాని బొమ్మనే చిన్నగా తోటలో కట్టించి ఇచ్చాడంటారు. మా ఎలమంచిలి పక్కన ఏటికొప్పాక లక్కబొమ్మలు చూస్తే ఇప్పుడు నాకు ఆ బొమ్మమేడే గుర్తొస్తుంది.

1805లో పసివాళ్ళిద్దరినీ ఇంగ్లండు పంపేశారు. ఆ ఏడే అక్టోబరులో కలకత్తాలో ఆయన పోయాడు. మేడ పూర్తవడం చూడనేలేదు. ఆమె 1813లో కన్నుమూసింది, పిల్లల్ని మళ్ళీ చూడకుండానే. కూతురు కిట్టీ పెద్దదయ్యాక 1841లో హైదరాబాదులోని అమ్మమ్మతో ఉత్తరాలు నడిపింది. ఆ తల్లి మాత్రం ఆ ఉత్తరాలకి లేదు.

1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ దాడి చేసిందీ ఈ రెసిడెన్సీ మీదే. 1949లో ఇక్కడికి ఆడపిల్లల కాలేజీ వచ్చింది. 2022లో అదే మహిళా విశ్వవిద్యాలయమయింది, తర్వాత చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పెచ్చులూడిన మేడని బాగుచేసి 2023 జనవరిలో మళ్ళీ తెరిచారు. రంగ్ మహల్ ఇప్పుడు లేదు. బొమ్మమేడ ఉంది, దాన్నీ బాగుచేశారు. ఈసారి కోఠీ వెళితే గేటు దగ్గర అడిగి, వెనక్కి వెళ్ళి చూడండి.